ముప్ఫయి చాలా? మూడువందలు కావాలా?

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు ఒకడున్నాడు. ఒకరోజు సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని వచ్చి, "తాతగారూ, మెగాబిట్ అంటే ఎంతండీ?" అని అడిగాడు. పరీక్షలో ప్రశ్న కాబోలుననుకుని, "పది లక్షల బిట్లు" అన్నాను. "అది పుస్తకంలో ఉందండీ. మా ఇంటికి అవి ఎన్ని కావాలో చెప్పండి" అన్నాడు.

సంగతేమిటంటే, వాళ్ళింట్లో ఉన్నది సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్ కనెక్షను. అయినా సాయంత్రంపూట వాడి లెక్కల ట్యూషను వీడియో మధ్యమధ్య బిగుసుకుపోతున్నది. మాస్టారు సుద్దముక్కతో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతారు. మళ్ళీ కదిలేసరికి లెక్క చివరికి వచ్చేసి ఉంటుంది. కంపెనీకి ఫోను చేస్తే అవతలి మనిషి, "300 ప్లాను తీసుకోండి సార్, పిల్లవాడి చదువు గదా" అన్నాడట. ఆ ఒక్కమాటతో తండ్రి మెత్తబడ్డాడు. ఒకటో తారీఖు నుంచి మార్చేద్దామన్నాడు.

ఆ "పిల్లవాడి చదువు గదా" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. సబ్బులవాళ్ళు, బిస్కెట్లవాళ్ళు మీ పేరు చెప్పి మీ అమ్మానాన్నల చేత డబ్బు తీయించడం పాత సంగతే. ఇప్పుడు ఇంటర్నెట్ అమ్మేవాళ్ళూ ఆ దారే పట్టారు. అయితే ఒక తేడా ఉంది. సబ్బు బట్టను ఎంత తెల్లగా చేస్తుందో ఇంట్లో కూర్చుని కొలవడం కష్టం. ఇంటికి ఎన్ని మెగాబిట్లు కావాలన్నది మాత్రం కూడికలు, భాగహారాలతో తేలిపోయే విషయం. మీ పేరు మీద ఖర్చవుతున్న డబ్బు గనక ఆ లెక్క మీరే వెయ్యాలి, వేసి పెద్దవాళ్ళకు చూపించాలి. నా ఉద్దేశంలో చాలా ఇళ్ళకు కావలసింది 300 కాదు, 100 కూడా కాదు. ఎలాగో చూద్దాం.

ముందు ఈ బిట్ సంగతి తేల్చుకుందాం. ఒక బిట్ అంటే ఒక్క "అవును" లేదా ఒక్క "కాదు", అంతే. 1 గాని 0 గాని. అలాంటివి ఎనిమిది కలిస్తే ఒక బైట్. కంప్యూటరులో ఒక ఇంగ్లీషు అక్షరానికి సాధారణంగా ఒక బైట్ చాలు. మన లిపికి వచ్చేసరికి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటలో మూడు హల్లులు, ఒక ఎత్వం, రెండు కొమ్ములు ఉన్నాయి. మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు, అంటే 144 బిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల దారిలో "తెలుగు" అన్న మాటను ఒక్క సెకనులో దాదాపు 7 లక్షల సార్లు పంపవచ్చు. ఇది వింటేనే తెలుస్తుంది, చదువుకునే అక్షరాలకు మనం కొనే వేగంలో పిసరంత కూడా పట్టదని. దారినంతా తినేసేవి బొమ్మలు, అందులోనూ కదిలే బొమ్మలు.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది, దాన్ని మోసం అనకూడదేమో గాని. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి. మన ఫోనులోని ఫైళ్ళు బైట్లలో ఉంటాయి. "వంద మెగా" అన్నారు గదా, వంద మెగాబైట్ల సినిమాపాట ఒక్క సెకనులో దిగిపోతుందని అనుకుంటే అది పొరపాటు. 100ని 8తో భాగించండి. సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే వస్తాయి. పాట దిగడానికి 8 సెకన్లు కావాలి. ఈ భాగహారం ఒక్కటి గుర్తుంటే సగం ప్రకటనలు మీకు వేరే రకంగా కనిపిస్తాయి. ప్రకటనలోనే చిన్న అక్షరాల్లో "వరకు" అన్న మాట ఉంటుంది, దాన్నీ వెతకండి. "100 వరకు" అంటే 100 దాటదని మాట ఇచ్చినట్టే గాని, 100 ఇస్తామని కాదు సుమా!

ఇంకో సంగతి. అసలు "వేగం" అన్న మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తున్నది. 30 ప్లానులో బిట్లు నెమ్మదిగా నడుస్తాయని, 300 ప్లానులో పరుగెత్తుతాయని మీలో చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. ఈనాడు ఇళ్ళకు వస్తున్నది చాలాచోట్ల గాజుపోగు, అదే ఫైబర్. దానిలో బిట్లను మోసుకువచ్చేది కాంతి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముప్ఫయికి డబ్బు కట్టినవాడి కాంతీ అంతే, మూడువందలకు కట్టినవాడి కాంతీ అంతే. తేడా అల్లా ఒక సెకనులో ఎన్ని బిట్లను దాటనిస్తారన్నదే. అది వేగం కన్నా వెడల్పుకు దగ్గర. ఇరుకు రోడ్డు మీద ఒక్క ఆటో పోతున్నదనుకోండి. ఆ రోడ్డును పదింతలు వెడల్పు చేస్తే ఆ ఆటో ఇల్లు చేరే సమయం ఏమైనా తగ్గుతుందా? తగ్గదు. పది ఆటోలు ఒక్కసారి వస్తేనే వెడల్పు పనికివస్తుంది. కాబట్టి మనం వేసుకోవలసిన ప్రశ్న ఇది: మా ఇంటి రోడ్డు మీద ఒకేసారి ఎన్ని ఆటోలు వస్తాయి?

రాత్రి 8 గంటలకు ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంట్లో ఆరుగురు. వీడియో బొమ్మ పైనుంచి కిందికి ఎన్ని వరుసల చుక్కలతో తయారయిందన్న దాన్నిబట్టి దానికి పట్టే వెడల్పు మారుతుంది. ఇంచుమించుగా 480 వరుసల బొమ్మకు సెకనుకు ఒక మెగాబిట్ పైచిలుకు, 720 వరుసల బొమ్మకు రెండున్నర, 1080 వరుసల బొమ్మకు 5 చాలు. 4కే అని పిలిచే పెద్ద టీవీ బొమ్మకు 15 నుంచి 20 కావాలి. నాన్నగారు టీవీలో క్రికెట్ చూస్తున్నారు. బంతి ఉరకడం, జనం ఎగరడం, అన్నీ త్వరత్వరగా మారే బొమ్మలు గనక దానికి 8 వేద్దాం. నాయనమ్మ ఫోనులో ప్రవచనం వింటున్నది, రెండున్నర. అమ్మ ఏదో వంట వీడియో చూస్తున్నది, రెండున్నర. అక్కయ్య ఆఫీసు వాళ్ళతో వీడియోలో మాట్లాడుతున్నది, మూడు. మీరు పాఠం వింటున్నారు, రెండున్నర. తాతగారు నిద్రపోయారు, కాని ఆయన ఫోను నిద్రపోలేదు. ఇంట్లోని ఫోన్లన్నీ ఎవరూ అడక్కుండానే చేసుకునే చిల్లర పనులకు రెండు వేద్దాం. కూడండి. ఇరవైన్నర.

అంతే! ఆరుగురున్న ఇల్లు ఒకేసారి మీదపడినా 21 దాటలేదు. ఎందుకైనా మంచిదని సగం కలుపుకుంటే ముప్ఫయి. టీవీ 4కే అయితే 8 బదులు 20 వేసి మళ్ళీ సగం కలపండి, 49 వస్తుంది. 50 అనుకుందాం. మీ ఇంటి అంకెలు వేరు కావచ్చు, అందుకే మీరే వెయ్యమంటున్నాను. ఒక కాగితం తీసుకుని మూడు రోజులు రాత్రి 7 నుంచి 10 దాకా గంటకొకసారి ఎవరు ఏమి చేస్తున్నారో రాయండి. నాయనమ్మ ప్రవచనాన్ని 4కేలో చూస్తున్నదా అని కూడా చూడండి. అరచేతిలో పట్టే తెర మీద 720 వరుసలకూ అంతకు మించినవాటికీ తేడాను చాలామంది కళ్ళు పట్టుకోలేవు.

పైగా వీడియో అనేది కొళాయి ధారలా ఏకబిగిన రాదు. కాసిని సెకన్లకు సరిపడే ముక్క ఒక్కసారి దిగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ ఒక ముక్క దిగుతుంది. మేడ మీద ట్యాంకు నింపుకుని వాడుకున్నట్టే. ఒకరి ట్యాంకు నిండిన సమయంలో ఇంకొకరి ట్యాంకులోకి నీళ్ళు పోతాయి.

"అందరూ ఒకేసారి వాడతారా?" అన్న ఈ ప్రశ్న కొత్తది కాదు, నూరేళ్ళు దాటిన ప్రశ్న. డెన్మార్కు దేశంలో ఆగ్నర్ ఎర్లాంగ్ అని ఒక గణితశాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఊళ్ళో టెలిఫోన్లు వేలకొద్దీ ఉంటే, వాటిని కలిపే లైన్లు ఎన్ని వేయాలి? ప్రతి ఫోనుకూ ఒకటి వేస్తే దివాలా. మరీ తక్కువ వేస్తే జనం తిడతారు. ఎర్లాంగ్ సంభావ్యత లెక్కలతో దీనికి దారి చూపుతూ 1909లో మొదటి వ్యాసం ప్రచురించాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ ఆయన పేరే. మన ఇల్లూ ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజి లాంటిదే. ఇంట్లో ఆరుగురూ సాయంత్రం ఆరుగంటల కాలంలో తలా రెండు గంటలు వీడియో చూస్తారనుకోండి. ఏదో ఒక క్షణంలో ఒక మనిషి చూస్తూ ఉండే అవకాశం మూడింట ఒకటి. ఆరుగురూ అదే క్షణంలో చూస్తూ ఉండే అవకాశం మూడింట ఒకటిని ఆరుసార్లు హెచ్చవేస్తే వచ్చేది, అంటే 729లో ఒకటి. ఎవరి దారి వారిదయితేనే ఈ లెక్క సరిపోతుంది. క్రికెట్ ఫైనల్ రోజున ఎవరి దారీ వారిది కాదు గనక ఆనాడు ఈ లెక్కను నమ్ముకోకండి.

కంపెనీలు కూడా ఎర్లాంగ్ శిష్యులే. వీధి చివర నుంచి వచ్చే ఒక గాజుపోగును కరెంటు అవసరం లేని ఒక చిన్న గాజు అమరిక 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతుంది. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఆ పోగు మొత్తానికి ఇళ్ళవైపు వచ్చే దారి సెకనుకు 2488 మెగాబిట్లు. 64 ఇళ్ళకు తలా 100 అమ్మితే 6400 కావాలి గదా, ఉన్నదేమో అందులో సగం కూడా లేదు! అందరూ ఒకేసారి పూర్తిగా లాగితే తలకు 39కి మించి రాదు. అయినా అలా జరగదు, ఎందుకు జరగదో ఇప్పుడే చూశాం. నిజంగా ఇబ్బంది వచ్చేది దానికి ఎగువన. మన జిల్లాల్లో కాలువకింద వ్యవసాయం చూసినవారికి చివరి భూముల సంగతి తెలుసు. కాలువ తలదగ్గర నీళ్ళు గట్టు ఒరుసుకు పారుతుంటాయి, ఆయకట్టు చివర రైతు మాత్రం తూము దగ్గర కాపలా కాస్తుంటాడు. కంపెనీ తన పెద్ద కాలువను సరిపడా వెడల్పు చెయ్యకుండా కొత్త కనెక్షన్లు ఇస్తూ పోతే రాత్రి 8 గంటలకు మీ ఇల్లు చివరి భూమి అవుతుంది. అప్పుడు మీ తూమును పదింతలు పెద్దది చేసుకుంటే మాత్రం ఏం లాభం? కాలువలో నీళ్ళే లేవు.

కాలువ మాట వచ్చింది గనక చెబుతున్నాను. తెలంగాణలో టీ-ఫైబర్ గాజుపోగులను మిషన్ భగీరథ తాగునీటి గొట్టాల కోసం తవ్విన కందకాల వెంటే వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ వాళ్ళు చాలా భాగం కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఒకచోట నీటితో, ఇంకొకచోట కరెంటుతో కలిసి ఊళ్ళకు చేరాయన్నమాట.

ఇంతకూ మన కుర్రవాడి మాస్టారు ఎందుకు బిగుసుకుపోతున్నారు? ఇంటికి 100 ఉంది, ఆరుగురు కలిసి వాడేది 21. వెడల్పు సరిపోక కాదని తేలిపోయింది. ఇక మిగిలినవి మూడు: జాప్యం, ఎగుమతి, ఇంట్లోని గాలి.

జాప్యం అంటే మీరు అడిగిన క్షణం నుంచి మొదటి బిట్ మీ చేతికి వచ్చేదాకా పట్టే సమయం. ట్యాంకుకు దూరంగా ఉన్న కొళాయి తిప్పితే మొదట గాలి బుసకొట్టి, తర్వాత నీళ్ళు వస్తాయి చూశారా, అలాంటిది. గొట్టం లావయినంత మాత్రాన ఆ ఎదురుచూపు తగ్గదు. హైదరాబాదు నుంచి చెన్నైకి ఆకాశమార్గాన సుమారు 520 కిలోమీటర్లు. గాజులో కాంతి వెళ్ళి రావడానికి వెయ్యింట అయిదు సెకన్లు చాలు. అదే అమెరికా పడమటి తీరంలో ఉన్న బాబాయితో మాట్లాడాలంటే దూరం 13, 14 వేల కిలోమీటర్లు. రానూపోనూ కాంతికే వెయ్యింట 140 సెకన్లు పడతాయి. నిజానికి తీగలు తిన్నగా పోవు గనక ఇంకా ఎక్కువే. మీరు 300 కాదు 1000 కొన్నా బాబాయి మాట అంతకన్నా ముందు రాదు. కాంతికి లంచం ఇవ్వలేం గదా! మామూలు పేజీలు తెరుచుకోవడం కూడా వెడల్పు కన్నా ఈ రాకపోకల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 2010లో గూగుల్ సంస్థలో పనిచేస్తున్న మైక్ బెల్షీ దీన్ని కొలిచి చూశాడు. 1 నుంచి 2 మెగాబిట్లకు పెంచితే పేజీలు చాలా త్వరగా తెరుచుకున్నాయి. 5 నుంచి 10కి పెంచితే కలిగిన లాభం నూటికి 5 పాళ్ళు మాత్రమే. అప్పటికంటె ఇప్పటి పేజీలు బరువెక్కాయి గనక ఆ అంకెలు కాస్త పైకి జరిగి ఉంటాయి, కాని గీత వాలు మారలేదు.

ఎగుమతి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లోకి వచ్చేది దిగుమతి, ఇంట్లోంచి పోయేది ఎగుమతి. వీడియోలో మాట్లాడుతున్నప్పుడు మీ మొహం అవతలికి పోవాలంటే ఎగుమతి కావాలి. కొన్ని ప్లాన్లలో ఇది దిగుమతితో సమానం, కొన్నిటిలో చాలా తక్కువ. ప్రకటనలో పెద్ద అంకె ఎప్పుడూ దిగుమతిదే. పెళ్ళి నుంచి తిరిగివచ్చిన రాత్రి అయిదుగురి ఫోన్లూ నాలుగేసి వందల ఫోటోలను వాటంతటవే పైకి పంపించడం మొదలుపెడితే ఎగుమతి దారి మూసుకుపోతుంది, అక్కయ్య ఆఫీసువాళ్ళకు అక్కయ్య బొమ్మలా నిలబడిపోతుంది. దీనికి మందు ప్లాను మార్చడం కాదు, ఫోటోలను అర్ధరాత్రి పంపుకోమని ఫోనుకు చెప్పడం.

అసలు దొంగ సాధారణంగా మూడోది. గాజుపోగు మీ గోడ దాకా తెచ్చినదాన్ని అక్కడి నుంచి మీ ఫోనుకు చేర్చేది రేడియో తరంగాలు, అదే వైఫై. ఇందులో ముఖ్యంగా వాడేవి రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు అందులో సగం కన్నా తక్కువ. పొట్టిదాని మీద ఎక్కువ బిట్లు పడతాయి, కాని గోడ దాటేసరికి అది నీరసపడుతుంది. పొడుగుది గోడలు కాస్త బాగానే దాటుతుంది, కాని ఇరుగుపొరుగు ఇళ్ళ వైఫై పెట్టెలన్నీ అక్కడే అరుస్తుంటాయి. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ దాదాపు అదే తరంగంతో. ఇనప బీరువా రెండు రకాలనూ వెనక్కి కొట్టేస్తుంది. ఇనప చువ్వలు వేసిన స్లాబు చాలా వరకు మింగేస్తుంది. నిండుగా ఉన్న నీళ్ళ డ్రమ్ము కూడా తక్కువది కాదు. మన ఇళ్ళల్లో వైఫై పెట్టెను ఎక్కడ పెడతారు? తీగ తెచ్చిన కుర్రవాడికి ఎక్కడ తేలికైతే అక్కడ! వీధి గదిలో, ఒక మూల, తలుపు వెనక, చాలాసార్లు బీరువా మీద.

దీనికి తోడు ఫోను శక్తి కూడా చూడాలి. పాతరకం చవక ఫోన్లు 2.4 తరంగాన్ని మాత్రమే, అదీ ఒకే ఏరియల్‌తో అందుకుంటాయి. అలాంటి ఫోనుకు కాగితం మీద వచ్చే గరిష్ఠం 72 మెగాబిట్లు, చేతికి వచ్చేది అందులో సగం అటూ ఇటూ. ఆ ఫోను పట్టుకుని 300 ప్లాను తీసుకోవడమంటే గ్లాసు పట్టుకుని చెరువు కొనుక్కోవడమే.

కాబట్టి ప్లాను మార్చేముందు కొలవండి. వేగం కొలిచే ఏర్పాటు ఏ ఫోనులోనైనా ఉచితంగా దొరుకుతుంది. మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీదే చూడాలి. మరిచిపోతే మీ ఫోను డేటా హరించుకుపోతుంది. 100 దారిలో 10 సెకన్లు కొలిస్తే 125 మెగాబైట్లు ఖర్చు మరి. పెట్టెకు ఒక మీటరు దూరంలో మూడుసార్లు, మీరు చదువుకునే చోట మూడుసార్లు కొలవండి. పొద్దున 6 గంటలకొకసారి, రాత్రి 8కొకసారి చెయ్యండి. మూడింటిలో మధ్య అంకెను రాసుకోండి. పెట్టె దగ్గర పొద్దునా రాత్రీ 90 పైన వచ్చి మీ గదిలో 10 వస్తే దోషం మీ ఇంట్లో ఉంది. పెట్టె దగ్గరే పొద్దున 90 ఉండి రాత్రికి 15కి పడిపోతే మీరు చివరి భూముల రైతులు, ఆ కాగితం చూపించి కంపెనీని నిలదీయండి. రెండుచోట్లా, రెండుపూటలా 90 వస్తూ కూడా వీడియో ఆగితే అది పంపేవారి లోపం కావచ్చు. ఈ మూడిటిలో ఏ ఒక్కదానికీ 300 మందు కాదు, గమనించారా?

300 ఎవరికీ అక్కర్లేదని నేననను. పెద్ద పెద్ద ఫైళ్ళతో రోజూ పనిచేసేవారు, ఇంటినుంచి వీడియోలు తయారుచేసి పంపేవారు, పదిమంది అద్దెకుండే కుర్రవాళ్ళు ఒకే కనెక్షను పంచుకునే గది, వీళ్ళకు పనికివస్తుంది. 60 గిగాబైట్ల ఆట ఒకటి దింపుకోవాలంటే 30 దారిలో దాదాపు నాలుగున్నర గంటలు, 300 దారిలో 27 నిమిషాలు. నెలకొక ఆట అయితే రాత్రి పడుకునేముందు మొదలుపెట్టి వదిలేస్తే పోయె.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఒక ప్లాను నెలకు 400 రూపాయలు, ఇంకొకటి 1000 రూపాయలు అనుకోండి. తేడా 600. దీనిమీద నూటికి 18 చొప్పున జీఎస్‌టీ కలిపితే 708. ఏడాదికి 8,496. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి పూర్తయ్యేదాకా మూడేళ్ళకు 25,488 రూపాయలు. ఒక మామూలు ల్యాప్‌టాప్ ఖరీదుకు దగ్గరగా వచ్చింది. ఫోనులో తలవంచుకుని పాఠం వినే పిల్లవాడికి పెద్ద తెర ఎక్కువ ఉపయోగమా, ఎప్పుడూ నిండని రోడ్డు ఎక్కువ ఉపయోగమా? "పిల్లవాడి చదువు గదా" అన్న మనిషి ఈ లెక్క చెప్పడు.

నాకు ఇంకా కోపం తెప్పించే సంగతి ఒకటుంది. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి పాఠాలను దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ చూపించారు. టీవీ ప్రసారాన్ని పదిమంది చూసినా పది లక్షలమంది చూసినా ఒకరి వాటా ఇంకొకరికి తగ్గదు. ఇంటర్నెట్ మీద మాత్రం ఎవరి ధార వారికి విడిగా రావాలి. ఆ ధార అందని ఇళ్ళ పిల్లలకు టీవీయే దిక్కయింది. 100 ఉన్న ఇంటికి 300 వస్తే కలిగే లాభం మీ గదిలో కొలిస్తే కూడా కనిపించకపోవచ్చు. ఏమీ లేని ఇంటికి నిలకడగా 10 వస్తే ఒక పిల్ల పాఠం వింటుంది. మన ప్రకటనలన్నీ మొదటి ఇంటి చుట్టే తిరుగుతున్నాయి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం ఎంత ఉండాలన్న ప్రభుత్వ నిర్వచనం 2004లో సెకనుకు 256 కిలోబిట్లు. 2023 జనవరిలో దాన్ని 2 మెగాబిట్లు చేశారు. అమెరికాలో 2024 నుంచి అది దిగుమతికి 100, ఎగుమతికి 20. వాళ్ళ 100 మనకు అక్కర్లేదని పైన లెక్కే చెబుతున్నది. కాని మన 2 మాత్రం చాలదు. 720 వరుసల పాఠం ఒక్కటైనా దానిలో పట్టదని మీరే కూడి చూశారు. పోట్లాడితే ఆ 2ని 10 చెయ్యమని పోట్లాడాలి.

మా వీధి కుర్రవాడు మర్నాడే కొలిచాడు. నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. వీధిగదిలో పెట్టె దగ్గర పొద్దున 93, రాత్రి 91. వెనక గదిలో, వాడి బల్ల దగ్గర రాత్రి 7. మధ్యలో మూడు గోడలు, మొదటి గోడకు ఆనించి బీరువా. రెండు వందల చిల్లర రూపాయలకు పన్నెండు మీటర్ల తీగ కొని, పెట్టెను నడవలోకి, మనిషి ఎత్తున మేకుకు మార్చారు. గోడ వెంట తీగ అసహ్యంగా ఉందని వాళ్ళమ్మ రెండు రోజులు సణిగింది. ఇప్పుడు వాడి బల్ల దగ్గర 58 వస్తున్నది, మాస్టారి చెయ్యి కదులుతున్నది. ఒకటో తారీఖు వచ్చి వెళ్ళింది, ప్లాను మారలేదు. 100 నుంచి 50కి దిగుదామని కుర్రవాడు ఇప్పుడు పట్టుబడుతున్నాడు. వాళ్ళ నాన్న మాత్రం, "ఉండనీరా, ఫైనల్ మ్యాచ్ అయ్యాక చూద్దాం" అంటున్నాడు.